మినిట్స్‌లో 'గమనించడమైనది' అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: సర్, నేను ఒక ఆర్థిక సంస్థలో ఇంటర్నల్ కంట్రోల్ కమిటీకి పేపర్లు తయారుచేసే పనిలో ఉన్నాను. మీటింగ్ మూడు నెలలకోసారి. రెండు వందల పేజీల నోట్ ముందురోజు సాయంత్రం సభ్యులకు పంపుతాం, మర్నాడు అరగంటలో అంతా అయిపోతుంది, మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, ప్రతి అంశం కింద 'గమనించడమైనది' అని రాస్తాం. వచ్చే నెల రెగ్యులేటర్ తనిఖీ ఉంది. ఫైలు నీట్‌గా ఉంటే చాలని పైవాళ్లు అంటున్నారు కానీ నాకు టెన్షన్‌గా ఉంది. వాళ్లు అసలు ఏం చూస్తారు? ఏదైనా తేడా వస్తే నా మీదికి వస్తుందా?

జవాబు: మీరు భయపడటంలో తప్పు లేదు. నీట్‌గా ఉన్న ఫైలు తనిఖీలో మొదటి పది నిమిషాలే కాపాడుతుంది. కమిటీ వేశారా, కోరం (మీటింగుకు కావలసిన కనీస సభ్యులు) ఉందా, ఎన్నిసార్లు కూర్చున్నారు, ఇవి చూడటానికి ఎంతోసేపు పట్టదు, అక్కడ దొరికిపోయేవాళ్లూ తక్కువే. అనుభవమున్న ఇన్‌స్పెక్టర్ ఆ తర్వాత మినిట్స్‌లో 'క్లోజ్ అయింది' అని రాసిన అంశం ఒకటి పట్టుకుని వెనక్కి వెళ్తాడు. ఆడిట్ రిపోర్టులో అది ఎప్పుడు వచ్చింది, కమిటీ ముందుకు రావడానికి ఎన్నాళ్లు పట్టింది, ఎవరైనా ఒక్క ప్రశ్న వేశారా, ఎవరికి గడువు పెట్టారు, ఆ గడువు ఎన్నిసార్లు జరిపారు, చివరికి పనిచేసే చోట నిజంగా ఏమైనా మారిందా అని.

ఆడిట్ పనిలో ఉన్నప్పుడు నేను చూసిందొకటి చెబుతాను, సంస్థ పేరు వద్దు. ఎంట్రీ ఒకరు వేయాలి, ఆమోదం ఇంకొకరు ఇవ్వాలి అన్న మేకర్-చెకర్ నియమం పూర్తిగా అమలవుతోందని అక్కడి కమిటీ వరసగా రెండు మీటింగుల్లో రాసుకుంది. సిస్టమ్ లాగ్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ రాసుకునే రికార్డు) తీస్తే, ఎంట్రీ వేసిన కంప్యూటర్ నుంచే నాలుగు సెకన్లలో ఆమోదం, అలా పేజీలకు పేజీలు. చెకర్ పాస్‌వర్డ్ కీబోర్డు కింద చీటీ మీద రాసి ఉంది. కమిటీలో ఒక్కరైనా 'ఏదీ, ఆ లాగ్ చూపించండి' అని అడిగి ఉంటే ఎప్పుడో బయటపడేది.

1762లో పుట్టిన బ్రిటన్ బ్యాంకు బేరింగ్స్ 1995 ఫిబ్రవరిలో కూలిపోయింది కూడా ఇలాంటి లోపంతోనే. సింగపూర్‌లో దాని ఉద్యోగి నిక్ లీసన్ ట్రేడింగూ తనే చూసుకునేవాడు, ఆ లావాదేవీల సెటిల్‌మెంటూ (లెక్క సరిచూసి డబ్బు తేల్చే పని) తన చేతిలోనే ఉండేది, నష్టాలన్నీ 88888 అనే ఖాతాలో దాచాడు. చివరికి తేలిన నష్టం 82.7 కోట్ల పౌండ్లు. ఈ రెండు పనులూ విడదీయాలని ఆ బ్యాంకు సొంత ఇంటర్నల్ ఆడిట్ 1994లోనే రాసింది. జబ్బు తెలిసింది, మందు చీటీ కూడా రాశారు, మందు మాత్రం ఎవరూ వేయలేదు. ఎప్పుడు తలుచుకున్నా నాకు బాధగా ఉంటుంది. 2008 జనవరిలో ఫ్రాన్స్ బ్యాంకు సొసైటీ జనరల్‌లో జెరోమ్ కెర్వియెల్ అనే ట్రేడర్ వ్యవహారం బయటపడి 490 కోట్ల యూరోలు పోయినప్పుడూ అంతే, హెచ్చరికలు ముందే వచ్చాయి, కానీ అతను చెప్పిన సంజాయిషీని సరిచూడకుండానే సరేననుకున్నారు.

ఇక రెగ్యులేటర్ సంగతి. బ్యాంకుల అంతర్గత నియంత్రణపై వివిధ దేశాల బ్యాంకు పర్యవేక్షకుల వేదిక అయిన బాసెల్ కమిటీ 1998లో 13 సూత్రాలు ఇచ్చింది, చివరిది పర్యవేక్షకులకే వర్తిస్తుంది: బ్యాంకు నియంత్రణ వ్యవస్థ దాని రిస్కుకు తగ్గట్టు లేకపోతే చర్య తీసుకోవాలి. ఆ చర్య జరిమానాతో ఆగాలనేం లేదు. కస్టమర్లకు తెలియకుండా తెరిచిన ఖాతాల వ్యవహారం 2016లో బయటపడ్డాక, అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో ఆస్తులు సుమారు 1.95 లక్షల కోట్ల డాలర్లు దాటకూడదని అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2018లో పరిమితి పెట్టింది, 2025 దాకా ఎత్తేయలేదు. బోర్డు సరిగా పర్యవేక్షించలేదన్నది అందులో ముఖ్యమైన అభియోగం. అయితే రెగ్యులేటర్ల తప్పు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఏ గొడవ జరిగినా ఇంకో కమిటీ వేయమంటారు, ఆ ఐదుగురే అన్నింటిలోనూ కూర్చుంటారు, ఇక పేపర్లు చదివే తీరిక ఎవరికుంటుంది?

మీ విషయానికొస్తే, దయచేసి పాత మినిట్స్ ఇప్పుడు దిద్దకండి, ఎవరు చెప్పినా సరే. తనిఖీలో బలహీనమైన మినిట్స్‌కి వివరణ ఇచ్చుకోవచ్చు, తేదీ మార్చిన మినిట్స్‌కి ఇచ్చుకోలేరు. ఈ నెలలో పెండింగ్ అంశాలన్నీ ఒక పట్టికలో వేసి, ఏది ఎన్ని రోజులుగా ఉందో, గడువు ఎన్నిసార్లు వాయిదా పడిందో రాసి ఛైర్మన్‌కి మెయిల్ పెట్టండి. పేపర్లు వారం ముందే వెళ్లాలని, వచ్చిన ప్రశ్నలూ ఒప్పుకోని సభ్యుల మాటలూ మినిట్స్‌లోకి ఎక్కాలని అందులోనే అడగండి. లోపం సంస్థే ముందుగా చెప్పుకుంటే ఇన్‌స్పెక్టర్ దాన్ని చూసే తీరు వేరుగా ఉంటుంది. బాధ్యత ప్రధానంగా కమిటీది, బోర్డుది. కానీ జరగని చర్చ జరిగినట్టు రాస్తే మాత్రం అది మీది కూడా అవుతుంది.

ప్రశ్న: నేను డిపాజిటర్‌ని మాత్రమే. ఈ కమిటీలు సరిగా పనిచేస్తున్నాయో లేదో నాకెలా తెలుస్తుంది?

జవాబు: మినిట్స్ మీకు చూపించరు. అయితే లిస్టెడ్ సంస్థ వార్షిక నివేదికలో ఆడిట్ కమిటీ ఎన్నిసార్లు సమావేశమైంది, ఎవరు ఎన్నింటికి వచ్చారన్న వివరం సాధారణంగా ఉంటుంది, అది చూడండి. చాలా చోట్ల రెగ్యులేటర్లు జరిమానా ఉత్తర్వుల్ని బయటపెడతారు. వాటిలో జరిమానా మొత్తం కంటే కారణం చదవండి. అదే కారణంతో రెండోసారి జరిమానా పడితే, నేనైతే నా డబ్బు అక్కడ ఉంచను.