కరెంటు వచ్చింది, ధరల బోర్డు రాలేదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోడు. అరచేతిలో ఇమిడే బోర్డు కంప్యూటర్, చాలామంది దగ్గర ఉన్నది రాస్ప్‌బెర్రీ పై, ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి, అంటే బూట్ అవ్వడానికి, నిమిషాలు తీసుకుంటోందట. త్వరగా లేపే మార్గం చెప్పమంటున్నారు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టు నడిపే ఒక పెద్దాయన అన్నీ వివరంగా రాశారు కాబట్టి ఆయనతో మొదలుపెడతాను.

"కొట్లో టీవీకి చిన్న బోర్డు తగిలించి తేజ, 341, తాలు మిర్చి ధరలు చూపిస్తున్నాం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది లేవడానికి రెండున్నర నిమిషాలు. ఈలోగా రైతులు గుమస్తా మీద పడుతున్నారు. 15 సెకన్లలో బూట్ అయ్యే ఓఎస్ ఇమేజ్ ఏదో టెలిగ్రామ్ గ్రూపులో దొరికిందని మా మేనల్లుడు పంపాడు. వేసుకోమంటావా అబ్బాయ్?"

వద్దు. ఓఎస్ ఇమేజ్ అంటే బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్ మొత్తం ఒకే ఫైలుగా కట్టిన మూట, అది ఎందుకు వద్దో కాసేపట్లో చెప్తాను. ముందు ఆ రెండున్నర నిమిషాల సంగతి.

నేనుండేది బ్రాడీపేటలోనే కాబట్టి, యార్డుకు సెలవైన ఆదివారం పూట వెళ్లాను. మనుషుల్లేకపోయినా ఘాటు మాత్రం ఎక్కడికీ పోలేదు, తుమ్ముతూనే మెయిన్ దింపి ఎత్తాం. ఫోన్లో స్టాప్‌వాచ్ పెడితే 2 నిమిషాల 31 సెకన్లు. అంతసేపూ తెర మీద బోర్డు బిగించినతని లోగో, దాని కింద గుండ్రంగా తిరిగే చుక్కలు. నా ఒళ్లు మండేది ఇక్కడే. బోర్డు దేని కోసం ఆగిందో చెప్తూనే ఉంటుంది, దాని నోటికి లోగో అడ్డం పెట్టారు. బోర్డులోని మెమరీ కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి, ఎలా బూట్ అవ్వాలో రాసి ఉండే సీఎండీలైన్ ఫైల్లో 'క్వైట్', 'స్ప్లాష్' అన్న రెండు మాటలు చెరిపాను, సందేశాలు దాచి లోగో చూపించమనేవి అవే. ఆ ఫైల్లో ఉన్నదంతా ఒకే లైనుగా ఉండాలి, మధ్యలో ఎంటర్ కొట్టారంటే బూట్ అవ్వడమే మానేయొచ్చు.

మళ్లీ ఆన్ చేస్తే అసలు రంగు బయటపడింది. ఒక డిస్కు కోసం ఎదురుచూస్తున్నానని ఒక లైను, పక్కన సెకన్లు లెక్కపెడుతూ, చివర '1 నిమిషం 30 సెకన్లు' అని గడువు. ఏ డిస్కు? పెద్దాయన కాసేపు ఆలోచించి, "అప్పుడెప్పుడో మెమరీ చాలట్లేదని బోర్డు బిగించినతను పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చాడు. మావాడు దాన్ని పాటలకని కార్లో పెట్టుకున్నాడు" అన్నారు. పెన్‌డ్రైవ్ కార్లో తిరుగుతోంది, దాన్ని స్వాప్‌గా, అంటే మెమరీ చాలనప్పుడు అదనపు చోటుగా, వాడమనే లైను మాత్రం డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో అలాగే ఉంది. ఆన్ చేయగానే అన్నిటినీ వరుసగా లేపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ పాపం ప్రతిసారీ 90 సెకన్లు చూసి, ఇక రాదని తేలాక ముందుకు కదులుతోంది. ఆ లైను తీసేశాం.

ఇప్పుడు 61 సెకన్లు పడుతుందనుకుంటే 1 నిమిషం 36 పట్టింది! కరెంటు రాగానే బోర్డూ రౌటరూ ఒకేసారి లేస్తాయి. ఈ రౌటర్ తేరుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇంతకుముందు బోర్డు పెన్‌డ్రైవ్ కోసం ఆగేది కాబట్టి ఆలోపు రౌటర్ దాదాపు సిద్ధమయ్యేది. ఇప్పుడు ముందే లేచి, నెట్ వచ్చేదాకా కాచుకునే నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ అనే సర్వీసు చేతిలో పడి 60 సెకన్ల గడువు పూర్తిగా అయ్యేదాకా కూర్చుంది. ధరల ప్రోగ్రామ్‌ని నెట్ వచ్చేదాకా మొదలవ్వొద్దని రాశారు మరి. ముందు ఆఖరిసారి దాచుకున్న ధరలు చూపించి, నెట్ వచ్చాక మార్చుకునేలా రాయించాం. 36 సెకన్లు.

ఏది లేవడానికి ఎంతసేపు పట్టిందో చూపే 'సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్' కమాండ్ కొట్టి చూశాం, పెద్దగా ఏమీ కనపడలేదని ఇద్దరు ముగ్గురు రాశారు. ఆ జాబితాలో వచ్చేది నడుస్తున్న యూనిట్లే, అంటే సర్వీసుల్లాంటివే. రాని డిస్కు కోసం కాచుకున్న కాలం అందులో ఎందుకుంటుంది? పైగా చాలా సర్వీసులు ఒకేసారి పక్కపక్కన లేస్తాయి కాబట్టి, పైన పెద్ద అంకె ఉన్నదే దోషి అనుకోవడానికి లేదు. 'సిస్టమ్‌డీ-అనలైజ్ క్రిటికల్-చెయిన్' కొట్టి చూడండి, దేని వెనకాల ఏది ఆగిందో అది చెప్తుంది.

ఇక మేనల్లుడు పంపిన ఇమేజ్. దాన్ని బూట్ చేయకుండా ఇంట్లో లైనక్స్ కంప్యూటర్‌లో తెరిచి చూశాను. 15 సెకన్లు ఎలా వచ్చాయో తెలిసిపోయింది. ఫైర్‌వాల్ లేదు, ఆటో అప్‌డేట్ లేదు, కార్డు తనిఖీ లేదు, నెట్ నుంచి గడియారం సరిచేసుకునే టైమ్ సింక్ లేదు. వేరే కంప్యూటర్ నుంచి బోర్డులోకి వచ్చే దారి, ఎస్ఎస్‌హెచ్, మాత్రం బార్లా తెరిచి ఉంది, యూజర్ 'పై', పాస్‌వర్డ్ 'రాస్ప్‌బెర్రీ'. ప్రపంచమంతటికీ తెలిసిన ఈ జంటను 2022 ఏప్రిల్‌లో అసలు ఓఎస్ నుంచే తీసేశారు, ఈ మహానుభావుడు వెతికి మరీ వెనక్కి తెచ్చాడు. అయినా పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. మార్చుకున్నా పోనిది ఇంకొకటి ఉంది. ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఒక లైను. అంటే ఎవరిదో తాళంచెవి. మీరు పాస్‌వర్డ్ పదిసార్లు మార్చినా ఆ తాళంచెవి ఉన్నవాడు నేరుగా లోపలికి వస్తాడు. తయారుచేసినతను తన సౌకర్యం కోసం పెట్టుకుని మర్చిపోయాడేమో, కావాలనే పెట్టాడేమో. నాకు రెండూ ఒకటే.

"ధరల బోర్డులో దొంగిలించడానికేముంది?" అని పెద్దాయన అడిగారు. బోర్డులో ఏమీ లేదు. కానీ అదే వైఫైలో మీ బిల్లింగ్ కంప్యూటర్ ఉంది, అందులోనే బ్యాంకు లావాదేవీలు చేస్తున్నారు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ కెమెరాల్లోకి, వాటి వీడియో దాచే డీవీఆర్‌లలోకి ఇలాంటి అందరికీ తెలిసిన పాస్‌వర్డ్‌లతోనే దూరింది. ఆ అక్టోబర్ 21న వాటినే పోగేసి డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ (సైట్ పేరు కొడితే దాని అడ్రసు చెప్పేది) మీద దాడి చేయిస్తే అమెరికాలో పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ కెమెరాల్లో మాత్రం దాచుకునేంత రహస్యం ఏముంది?

బోర్డులు బిగించి ఇచ్చేవాళ్లకూ ఒక మాట. ఒక కార్డు సిద్ధం చేసి దాన్నే ముప్పై కొట్లకు కాపీ కొడుతున్నారు. పాస్‌వర్డ్ ఒకటే, బోర్డు తానెవరో నిరూపించుకునే ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీ కూడా ఒకటే. ఒక కొట్లో కార్డు ఎవరి చేతికైనా చిక్కితే ముప్పై కొట్ల గుట్టూ చిక్కినట్టే. కాపీ చేశాక హోస్ట్ కీలు మళ్లీ పుట్టించడానికి నిమిషం కూడా పట్టదు. లోగో అందంగా తిరగడం మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు దీనిమీద పెట్టరెందుకో నాకు అర్థం కాదు.

లోగో అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో టీవీ కూడా ఈమధ్య ఇలాగే తయారైంది. వార్తలు పెట్టమంటే ముందు లోగో, తర్వాత 'అప్‌డేట్ సిద్ధంగా ఉంది' అని ఒక పెట్టె, అది దాటితే ప్రకటనలతో హోమ్ స్క్రీన్. మా నాన్నగారి పాత డబ్బా టీవీలో బొమ్మ వేడెక్కాక వచ్చేది, అది కూడా దీనికంటే ముందే వచ్చేదనిపిస్తుంది. అప్‌డేట్ వద్దని నేననను, అవసరం. కానీ మనిషి రిమోట్ నొక్కి చూద్దామని కూర్చున్నప్పుడా దాన్ని అడగడం? రాత్రి పడుకున్నాక చేసుకోకూడదా?

విజయవాడ కానూరు నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి: "హాజరు ప్రాజెక్టు కోసం రాస్ప్‌బెర్రీ పై 4 బూట్ సమయాన్ని బాగా తగ్గించాను సర్. కానీ పొద్దున్నే ఆన్ చేస్తే హాజరు నిన్నటి తేదీతో పడుతోంది." టైమ్ సింక్ కూడా పీకేసి ఉంటారు బాబూ. పై 4లో గడియారం చిప్ లేదు. ఆఖరిసారి దాచుకున్న సమయం నుంచే మొదలుపెడుతుంది, నెట్ నుంచి సరిచేసుకునే దారి మీరు మూసేశారు. తేదీ బాగా వెనకబడితే సైట్ల గుర్తింపు పత్రాలైన కొత్త సర్టిఫికెట్లు కూడా 'ఇంకా అమల్లోకి రాలేదు' అని సైట్లు తెరుచుకోవు. సింక్ తిరిగి పెట్టండి, లేదా విడిగా ఆర్‌టీసీ అనే గడియారం మాడ్యూల్ తగిలించండి. పై 5లో గడియారం ఉంది, దాని బ్యాటరీ మాత్రం మీరే కొనుక్కోవాలి. కొలతలో ఇంకో తేడా: సిస్టమ్‌డీ చెప్పే లెక్కలో దానికంటే ముందు నడిచే బూట్‌లోడర్ సమయం కలవదు. గైడ్ గారు స్టాప్‌వాచ్ పట్టుకుంటే మీ అంకె తప్పంటారు, ముందే చెప్పేయండి.

బెంజ్ సర్కిల్ దగ్గర కోచింగ్ సెంటర్లో నోటీసుల బోర్డు ఆలస్యంగా లేస్తోందని రాసిన మేడమ్‌కి: నోటీసులు మాత్రమే చూపించే బోర్డుకు డెస్క్‌టాప్ మొత్తం అక్కర్లేదు, లైట్ ఓఎస్ వేయించండి. మెమరీ కార్డు మీద ఏ1 గుర్తు ఉందో లేదో చూసి కొనండి. పెద్ద అక్షరాల్లో వేసే ఎంబీల లెక్క వీడియోలకు పనికొస్తుంది, బూట్‌కి కావాల్సింది చిన్న చిన్న ఫైళ్లు చకచకా చదవడం, ఏ1 చెప్పేది దాని గురించే. తెర మూలన మెరుపు గుర్తు వస్తోందని కూడా రాశారు. అది కరెంటు చాలట్లేదనే హెచ్చరిక, అప్పుడు బోర్డు తనే వేగం తగ్గించుకుంటుంది. మీ పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. ఇప్పుడు వాడుతున్న ఫోన్ చార్జర్‌ని ఫోన్‌కే ఇచ్చేయండి.