పరిశోధకులు అచ్చు జర్నల్స్ వదిలి ఆన్‌లైన్‌కి ఎందుకు మారారు?

ముఖ్య కారణం వెతుకులాట. కెమిస్ట్రీనే తీసుకోండి. 1907లో మొదలైన, కెమిస్ట్రీ వ్యాసాల సారాంశాలు వేసే 'కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్'లో ఒక పదార్థం గురించి తెలుసుకోవాలంటే ముందు ఇండెక్స్ సంపుటం దించాలి, అందులోంచి నంబరు రాసుకోవాలి, ఆ నంబరున్న సంపుటం వెతికి సారాంశం చదవాలి. అసలు వ్యాసానికి మళ్లీ ఇంకో బీరువా. ఆ జర్నల్ మన లైబ్రరీకి రాకపోతే జిరాక్స్ కాపీ కోసం ఉత్తరం రాసి ఎదురుచూడటమే! ఇప్పుడదంతా నిమిషాల పని. 2010 నుంచి 'కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్' అచ్చు సంచికలే ఆపేశారు.

ఫిజిక్స్‌వాళ్లు ఇంకా ముందే మారారు. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన 'ఆర్కైవ్' (arXiv) అనే ఆన్‌లైన్ భండారంలో పేపర్ని జర్నల్లో రాకముందే చదివేయొచ్చు.

మన దేశంలో పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో చదవడానికి 'శోధగంగ' అనే వెబ్‌సైట్ ఉంది. 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ సుమారు 13,000 అందుతున్నాయి. చిన్న ఊళ్లో గవర్నమెంటు కాలేజీ లెక్చరర్‌కి ఇది మామూలు విషయం కాదు.

అయితే ఒక మెలిక ఉంది. అచ్చు సంచిక ఒకసారి కొంటే బీరువాలో పడి ఉంటుంది. ఆన్‌లైన్‌లో మనం కొనేది చాలాసార్లు చదివే హక్కు మాత్రమే. చందా ఆగితే, ఒప్పందంలో ముందే రాసుకోకపోతే, పాత సంచికలు కూడా చేజారిపోవచ్చు.

తెలుగు సాహిత్యం, చరిత్ర మీద పనిచేసేవాళ్లు మాత్రం అచ్చును అప్పుడే వదలకండి. స్కాన్ చేసిన పాత పుస్తకాలు చాలావరకు పేజీల ఫొటోలే, పదం కొట్టి వెతికితే దొరకదు. పాత పత్రికల కోసమైతే వేటపాలెంలోని సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయానికి ఇప్పటికీ వెళ్లాల్సి రావచ్చు.