35 వేలకు సర్జరీ జర్నల్‌లో మొదటి పేరు: కొనాలా?

ప్రశ్న: మేము పెరంబూరులో ఉంటాం. మా అమ్మాయి చెన్నైలోనే ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో ఎం.ఎస్. జనరల్ సర్జరీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంతవరకు ఒక్క పేపరూ అచ్చు కాలేదు. తోటి విద్యార్థికి అప్పుడే నాలుగు వచ్చాయట. హెర్నియా ఆపరేషన్ల మీద థీసిస్ చేస్తోంది. దాన్ని జర్నల్‌కు పంపుదామంటే గైడు 'చూద్దాం' అంటున్నారట. తెలిసినవారి ద్వారా ఒక కన్సల్టెన్సీ పరిచయమైంది. థీసిస్ వివరాలు, 35 వేల రూపాయలు ఇస్తే రెండు నెలల్లో అంతర్జాతీయ సర్జరీ జర్నల్‌లో మొదటి పేరుగా వేయిస్తామని, రేపు అమెరికా వెళ్ళడానికీ పనికొస్తుందని చెప్పారు. అమ్మాయికి చెప్పకుండా 10 వేలు అడ్వాన్సు ఇచ్చాను. పేరున్న జర్నల్‌కు పంపి నెలల తరబడి ఎదురుచూడటం మేలా, ఈ దారి మేలా? పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, రైలు పెట్టెల కర్మాగారం విశ్రాంత ఉద్యోగి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 'అమ్మాయికి చెప్పకుండా' అన్న మాట దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. దాని సంగతి చివర్లో మాట్లాడతాను. ముందు మీ భయం గురించి.

మాంబళంలోని నా గదికి ఈ ప్రశ్నతో వచ్చే తల్లిదండ్రులు తరచూ ఉంటారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ పక్కింటి పిల్లల లెక్క ఒకటి ఉంటుంది: వాళ్ళకు మూడు పేపర్లు, వీళ్ళకు అయిదు. పది నిమిషాలు మాట్లాడనిస్తే అసలు మాట బయటికి వస్తుంది. 'మా పిల్ల ఈ రంగంలో నిలబడుతుందా అండీ?' సర్జరీలో చేరిన ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాట ఇంకాస్త గొంతు తగ్గించి అడుగుతారు. మీరూ అదే అడుగుతున్నారు. పేపరు ఒక సాకు మాత్రమే. కాబట్టి ముందే చెబుతున్నాను: రెండో ఏడాదిలో అచ్చయిన పేపరు లేకపోవడం వెనకబాటు కాదు. ఆ వయసు సర్జన్ పగలంతా వార్డులో, రాత్రంతా క్యాజువాలిటీలో ఉంటుంది. చేతికి పని నేర్పుకునే ఏళ్ళు అవి.

ఇక లెక్కలు. అమ్మాయి రేపు ఎం.సిహెచ్., అంటే ఎం.ఎస్. తర్వాతి సూపర్ స్పెషాలిటీ చదువు, చేయాలనుకుంటే దేశంలో ఎక్కువ సీట్లు నీట్-ఎస్.ఎస్. అనే ప్రవేశ పరీక్ష ర్యాంకు మీదే వస్తాయి. ఎన్ని పేపర్లున్నా ఆ ర్యాంకు ఒక్క స్థానం కూడా మారదు. ఎం.ఎస్. చివరి పరీక్ష రాయడానికి జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు అడిగేదీ తక్కువే: సర్జరీ సదస్సులో పోస్టరో (పరిశోధనను ఒక పెద్ద కాగితం మీద వేసి చూపడం) ప్రెజెంటేషనో ఇవ్వాలి, లేదా మొదటి రచయితగా ఒక పేపరు అచ్చు కావాలి, కనీసం అంగీకారం పొందాలి. వీటిలో ఒకటి చాలు. మీ విశ్వవిద్యాలయం ఇంకేమైనా అడుగుతోందా అన్నది డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఒక్కమాట కనుక్కోమనండి. రాష్ట్ర స్థాయి సదస్సులో ఒక పోస్టరుతో తీరిపోయే అవసరానికి మీరు 35 వేల భయం పెట్టుకున్నారు.

తోటి విద్యార్థి నాలుగు పేపర్ల గురించి కూడా చెప్పాలి. అవి ఏ రకం పేపర్లో మీరు రాయలేదు. బహుశా మీరు అడిగి ఉండరు. ఒక్క రోగి కథ చెప్పే కేస్ రిపోర్టులు అయితే, వాటి విలువ వాటికి ఉంది. రాయడం నేర్పుతాయి. కానీ బోధనా ఉద్యోగాల పదోన్నతులకు సంబంధించి 2022లో వచ్చిన నిబంధనలు లెక్కలోకి తీసుకున్నవి సొంతంగా వివరాలు సేకరించి రాసిన మౌలిక (ఒరిజినల్) పరిశోధన పత్రాలు, పాత పరిశోధనలను పద్ధతిగా కలిపి తూచే మెటా ఎనాలిసిస్‌లు, సిస్టమాటిక్ రివ్యూలు, ఒకే తరహా రోగులు కొందరి గురించి రాసే కేస్ సిరీస్‌లు. ఒంటి కేస్ రిపోర్టు ఆ జాబితాలో లేదు. మీ అమ్మాయి చేతిలో ఉన్న హెర్నియా థీసిస్ సరిగ్గా రాస్తే మౌలిక పరిశోధన అవుతుంది. మీరు లేదనుకుంటున్నది ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు కన్సల్టెన్సీ సంగతి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను, క్షమించండి. మీరు జీవితమంతా రైలు పెట్టెలు తయారయ్యే చోట పనిచేశారు. తనిఖీ కాని పెట్టెకు ఎవరో ముద్ర కొట్టిస్తే దాన్ని పట్టాల మీదికి పంపేవారా? వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయిత అన్న మాటకు నాలుగు షరతులు పెట్టింది. పరిశోధన ఆలోచనలోనో, వివరాల సేకరణలోనో, విశ్లేషణలోనో గణనీయమైన పాలు ఉండాలి. రాయడంలోనో, లోతుగా దిద్దడంలోనో చేయి పడాలి. చివరి ప్రతిని చదివి సరేననాలి. రేపు అందులో ఏ వాక్యం మీద ప్రశ్న వచ్చినా జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉంటేనే రచయిత. మీ కన్సల్టెన్సీవాళ్ళు పేపరు తయారుచేసి అమ్మాయి పేరు అతికిస్తే, థీసిస్ ఆమెదే కనుక మొదటిది నిలిచినా, రెండోదీ మూడోదీ పోతాయి, నాలుగోది మాత్రం ఆమె నెత్తిన పడుతుంది.

అది చిన్న సంగతి కాదు. 2023 ఒక్క ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా పరిశోధన పత్రాలను జర్నల్స్ ఉపసంహరించాయి. అందులో పెద్ద వాటా ఇలాంటి పేపర్ల తయారీ దుకాణాల సరుకే. ఉపసంహరించిన పేపరు మాయమైపోదు. 'రిట్రాక్టెడ్' అన్న ముద్రతో, రచయితల పేర్లతో సహా, వెతికిన ప్రతివారికీ కనిపిస్తూ ఉంటుంది. పాతికేళ్ళ తర్వాత ఆమె ఒక విభాగానికి అధిపతి కాబోయే రోజున కూడా.

అమెరికా మాట మీద నాకు ఇంకా ఎక్కువ అనుమానాలున్నాయి. ఈ మధ్య ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడాది పిల్లలకు కూడా 'రీసెర్చ్ ప్రొఫైల్' అమ్ముతున్నారు. దీని వెనుక కారణం తెలిసిందే. 2022 జనవరి నుంచి అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యు.ఎస్.ఎం.ఎల్.ఇ. మొదటి దశకు మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు. మార్కులతో తేడా చూపించలేని పిల్లలు ఇంకేదో అంకె చూపించాలని ఆత్రపడ్డారు, ఆ ఆత్రం మీద వ్యాపారం మొలిచింది. అక్కడ శిక్షణ సీట్లు కేటాయించే 'మ్యాచ్' గణాంకాల్లో సారాంశాలు, ప్రెజెంటేషన్లు, అచ్చయిన పేపర్లు అన్నీ కలిపి ఒకే అంకెగా చూపిస్తారు. ఆ పెద్ద అంకెను తెచ్చి 'ఇన్ని పేపర్లు కావాలి' అని తల్లిదండ్రులను భయపెడతారు. మీకు చెప్పని మరో మాట: ఇక్కడ ఎం.ఎస్. పూర్తిచేసినా అక్కడ సర్జన్‌గా స్థిరపడాలంటే సాధారణంగా మళ్ళీ అయిదేళ్ళ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి శిక్షణ, చేయాలి. విదేశీ పట్టభద్రులకు జనరల్ సర్జరీ సీటు దొరకడం కష్టం. ఆ దారి వద్దని నేను అనను. అమ్మాయికి నిజంగా ఆ కోరిక ఉంటే వేరే రోజు కూర్చుని మాట్లాడుకుందాం. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్న సర్జన్ మొట్టమొదట అడిగే ప్రశ్న 'మీ పేపరులో ఏం తేలింది, ఎందుకలా తేలింది' అన్నదే. కొన్న పేపరుతో అక్కడ నోరు పెగలదు. గత ఏడాది నా ఎదుట ఒక కుర్రవాడు తన పేరున్న పేపరులోని రెండో పట్టికను నాకు వివరించబోయి, సగంలో ఆగి, చాలాసేపు కిందికి చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళ నాన్నగారు పక్కనే ఉన్నారు. ఆయనే డబ్బు కట్టారు.

సరే, థీసిస్ పేపరు ఎలా అవుతుంది? రెండో ఏడాది పిల్లకు ఇది కొండ కాదు, కానీ పని ఉంది. తొంభై, వంద పేజీల థీసిస్‌లో సగం పాత పరిశోధనల సమీక్షే ఉంటుంది. జర్నల్ పేపరుకు చాలాచోట్ల 3 వేల పదాల దగ్గర గీత గీస్తారు. కాబట్టి మొదటి పేజీ నుంచి కుదించడం మొదలుపెట్టవద్దని చెప్పండి. పట్టికలతో మొదలుపెట్టాలి. ఎంతమంది రోగులు, ఏ కాలంలో, ఎవరిని తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు, ఏ పద్ధతిలో మెష్ (హెర్నియా దగ్గర వేసే జాలీ) వేశారు, ఆపరేషన్ చేసింది కన్సల్టెంటా, శిక్షణలో ఉన్నవారా. ఇవి తేలితే పద్ధతులు, ఫలితాల భాగాలు దాదాపు వాటంతట అవే రాసుకుంటాయి. ఉపోద్ఘాతం నాలుగు పేరాలు చాలు, అది చివర్లో రాయాలి.

హెర్నియా పేపర్లలో రివ్యూయర్లు, అంటే జర్నల్ తరఫున పేపరు చదివి తూచేవారు, పట్టుకునే చోటు ఒకటి ఉంది: రోగులు తిరిగి వచ్చారా అన్నది. ఈ ఆపరేషన్ తర్వాత మిగిలిపోయే నొప్పిని లెక్కించేది మూడో నెల దాటాకే. అరవైమందిలో పదముగ్గురు మూడో నెల చూపించుకోవడానికి రాకపోతే, రాలేదని రాయాలి. ఆ గడిని ఊహతో నింపకూడదు, దాచకూడదు. మూటలు మోసుకునే మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి రాలేకపోయాడంటే అది కూడా మన ఊరి వైద్యం గురించి ఒక నిజమే. ఫోను చేసి ఎంతమందిని అడగగలిగారో అదీ రాయవచ్చు. ఇలాంటి పరిశీలనలకు స్ట్రోబ్ అనే చెక్‌లిస్టు ఉంది, ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో అంశం సరిచూసుకుంటే సగం అభ్యంతరాలు రాకముందే తీరిపోతాయి.

ఇంకో జాగ్రత్త. ఒక విద్యార్థిని పంపబోయే పేపరు నాకు లాప్‌టాప్‌లో చూపించింది. చక్కటి సీటీ స్కాన్ బొమ్మ. పైన కుడి మూలలో తెల్లటి సన్నని అక్షరాల్లో రోగి పేరు, వయసు, ఆసుపత్రి నంబరు అలాగే ఉన్నాయి. నెలల తరబడి ఆ బొమ్మను చూసిన కళ్ళకు ఆ అక్షరాలు కనబడటం మానేశాయి. ఆపరేషన్ ఫొటోలు, స్కాన్‌లు అన్నీ పంపేముందు వేరే ఎవరితోనైనా చూపించాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి సంఖ్య, రోగుల సమ్మతి గురించిన వాక్యం పేపరులో ఉండాలి. రచయితల పేర్లు శీర్షిక పేజీలో వేరుగా పెట్టి, అసలు ప్రతిలో ఎక్కడా కళాశాల పేరు కూడా రాకుండా చూడమని చాలా జర్నల్స్ అడుగుతాయి. అది ఆ జర్నల్ సూచనల్లోనే ఉంటుంది, చదవాలి. ఈ సంగతులు ఆమెకు కొత్త కావు. పీజీలకు తప్పనిసరి చేసిన బయోమెడికల్ రీసెర్చ్ కోర్సును నడిపేది మన అయపాక్కంలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థే. ఆ పాఠాలు మళ్ళీ తెరిస్తే చాలు.

మీరు అడిగిన పోలిక దగ్గరికి వస్తే, చెప్పడానికి ఎక్కువ లేదు. అసోసియేషన్ ఆఫ్ సర్జన్స్ ఆఫ్ ఇండియా 1938లో పుట్టింది, దాని కేంద్ర కార్యాలయం మన చెన్నైలోనే ఉంది. ఆ సంఘం తరఫున వచ్చే ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీ వంటి చోటికి ముందు పంపవచ్చు. చందాతో నడిచే పద్ధతిలో అచ్చయితే రచయిత డబ్బు కట్టనక్కరలేదు, అందరికీ ఉచితంగా చదివే వీలు కల్పించమని కోరుకుంటేనే రుసుము. నెలలు పడుతుంది, నిజమే. ఒకేసారి రెండు జర్నల్స్‌కు పంపడం తప్పు, ఒకరు కాదన్నాకే మరొకరికి. వద్దన్నా పాఠం మిగులుతుంది. 'మేజర్ రివిజన్', అంటే పెద్ద మార్పులు చేసి పంపండి, అని వస్తే అది తిరస్కారం అనుకుని ఏడ్చిన పిల్లలను చూశాను. నిజానికి అది తలుపు తెరిచి ఉందన్న కబురు. రివ్యూయర్ రాసిన ఒక్కో అభ్యంతరాన్ని యథాతథంగా దించుకుని, దాని కిందే జవాబు, పేపరులో ఏ వరుసలో మార్చారో రాసి తిరిగి పంపాలి. రెండు నెలల్లో ఖాయమని ముందే మాట ఇచ్చే జర్నల్‌లో మీ అమ్మాయి పని చదివే మనిషే ఉండడు.

గైడు 'చూద్దాం' అన్నారని కోపం తెచ్చుకోకండి. అడగాల్సిన పద్ధతి వేరు. 'పేపరు వేద్దామా సార్' అంటే చూద్దామనే అంటారు. రెండు పట్టికలు, ఒక పేజీ సారాంశం చేతిలో పెట్టి 'వచ్చే శుక్రవారం పదిహేను నిమిషాలు ఇస్తారా' అని అడిగితే చాలామంది కలం తీస్తారు. పేర్ల వరుస కూడా అప్పుడే తేల్చుకోవాలి, అచ్చయ్యే ముందు రోజు కాదు. పని ఆమెదైతే మొదటి పేరు న్యాయంగా ఆమెదే, అది మర్యాదగా అడగవచ్చు. రెండో పేరు వచ్చినా చిన్నబోనక్కరలేదు. ఇదే ఊళ్ళో మద్రాసు వైద్య కళాశాలలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫాస్ఫరస్ పరిమాణం కొలిచే పద్ధతి మీద 1925లో ప్రచురించిన పేపరులో మొదటి పేరు హార్వర్డ్‌లో ఆయన గురువు ఫిస్క్‌ది. ఇవాళ్టికీ ఆ పద్ధతిని ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. పని ఆయన చేతుల మీదుగా జరిగింది గనుక పేరు నిలిచింది.

ఇక ఆ అడ్వాన్సు. డబ్బు తిరిగి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి, మిగతా 25 వేలు మాత్రం కట్టవద్దు. నన్ను భయపెడుతున్నది ఆ 10 వేలు కాదు. వాళ్ళు థీసిస్ వివరాలు అడిగారని రాశారు. అమ్మాయి కంప్యూటర్ నుంచి ఏ ఫైలైనా తీసి పంపారా? పంపి ఉంటే అందులో రోగుల పేర్లు, ఫోను నంబర్లు ఉండే అవకాశం ఉంది. తెలియకుండా ఆమె పేరుతో పేపరు ఎక్కడికైనా వెళ్ళిపోయి ఉంటే, రేపు ఆమె స్వయంగా పంపే అసలు పేపరే నకలుగా తేలుతుంది. కాబట్టి ఈ రాత్రి ఆమె డ్యూటీ నుంచి వచ్చాక, భోజనం అయ్యాక, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కోప్పడుతుంది, పడనివ్వండి. రేపు పొద్దున గైడుకు ఆమే స్వయంగా చెప్పాలి, మీరు ఫోను చేయవద్దు. కన్సల్టెన్సీకి ఏమేం పంపారో, ఏ తేదీన పంపారో ఒక కాగితం మీద రాసి ఆమె చేతికి ఇవ్వండి, గైడు మొదట అడిగేది అదే.