కార్డు లిమిట్ మీ డబ్బు కాదమ్మా

ప్రశ్న: మా పుట్టిల్లు సోంపేట దగ్గర ఉద్దానంలో. పోయిన మాఘంలో పెళ్లయి బరంపురం వచ్చాను. మా ఆయన ప్రైవేటు కంపెనీలో సేల్స్‌లో చేస్తారు, చేతికి 32,000 వస్తుంది. పర్లాకిమిడిలో ఉన్న అత్తగారు, మావయ్యగారికి నెలకు 4,000 పంపుతాం. అద్దె 7,500. వంటింటి ఖర్చు, గ్యాసు, కరెంటు కలిపి 11,000, ఇందులో బిర్యానీ పార్సిళ్లు, టిఫిన్లు ఓ 2,500 ఉంటాయి. పెట్రోలు, ఫోన్లు 3,000. ఫోన్ ఈఎంఐ 2,150 ఇంకా మూడు నెలలు, ఫ్రిజ్ ఈఎంఐ 1,900 ఇంకా ఆరు నెలలు కట్టాలి. ఆదివారం షికార్లు, బట్టలు కార్డు మీద నడుస్తాయి, నెలకు ఐదారు వేలు అవుతుంది. కార్డు బాకీ 46,000కి చేరింది, నెలనెలా మినిమం 2,300 కడుతున్నాం. బ్యాంకులో 11,000 ఉంది. కార్డు లిమిట్ లక్షన్నర ఉంది కాబట్టి అత్యవసరానికి ఇబ్బంది లేదు. నా నగల మీద 2 లక్షల గోల్డ్ లోన్ తీసుకుని కార్డు బాకీ తీర్చేసి, పెళ్లిరోజుకు 90,000తో కశ్మీర్ వెళ్లి, 30,000 పెట్టి సోఫా కొని, మిగిలిన 34,000 మ్యూచువల్ ఫండ్‌లో పెడదామని మా ఆయన ఆలోచన. లోన్‌కి వడ్డీ 10 శాతం, ఫండ్ 12 శాతం ఇస్తుంది కాబట్టి మనకే లాభం అంటున్నారు. పెళ్లికి ముందు నేను స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఇప్పుడు ఖాళీగానే ఉన్నాను, పక్కింటివాళ్లు పిల్లలకు ట్యూషన్ చెప్పమని అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది గోల్డ్ లోన్ కాదు, కశ్మీర్ అంతకన్నా కాదు. "కార్డు లిమిట్ లక్షన్నర ఉంది కాబట్టి అత్యవసరానికి ఇబ్బంది లేదు" అని మధ్యలో మామూలుగా రాసేశారే, ఆ మాట. కొత్తగా కాపురం పెట్టినవాళ్ల ఉత్తరాల్లో ఈ మాట మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. అందుకే మీకు జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ లక్షన్నర మీది కాదు, బ్యాంకుది. దాన్ని ఎప్పుడైనా తగ్గించే హక్కు కూడా బ్యాంకుదే. రెండు వాయిదాలు ఆలస్యమైనా, మీ ఆయన ఉద్యోగం ఊగిసలాడినా మొదట కోత పడేది ఆ లిమిట్ మీదే. అంటే మీకు డబ్బు బాగా అవసరపడే రోజునే అది చేతికి అందకుండా పోతుంది. అలాంటిదాన్ని అత్యవసర నిధి అంటే ఎలా?

ఇక మీ అంకెలే కూడదాం. అద్దె, వంటిల్లు, పెట్రోలు, పెద్దవాళ్లకు పంపేది, రెండు ఈఎంఐలు, కార్డు మినిమం అన్నీ కలిపితే 31,850. జీతం 32,000. నెల మొత్తం మీద మీకు మిగిలేది 150 రూపాయలు. అంటే గోపాల్‌పూర్ బీచ్‌లో తిన్న ప్రతి చేప ముక్కా, ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్రతి కుర్తీ అప్పే. మీరిద్దరూ దుబారా మనుషులని నేను అనడం లేదు. ఐదారు వేల సరదా కొత్త జంటకు పెద్ద నేరమేమీ కాదు. కాకపోతే ఆ సరదా ఖరీదు మీకు కనబడటం లేదు.

కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం వేసుకుందాం. మీ స్టేట్‌మెంట్ వెనక పేజీలో అసలు అంకె ఉంటుంది, ఓసారి చూడండి. 46,000 మీద నెల వడ్డీ 1,610. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,900. మీరు కట్టే 2,300లో అసలుకు జమయ్యేది 400. ఈ రోజు నుంచి కార్డు ముట్టుకోకుండా నెలనెలా 2,300 కట్టుకుంటూ పోయినా బాకీ తీరడానికి మూడున్నరేళ్లు దాటుతుంది. 46,000కి లక్ష దాకా కట్టినట్టవుతుంది. బాకీ పూర్తిగా తీర్చనంతకాలం కొత్తగా కొన్న వస్తువు మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నలభై రోజులు వడ్డీ లేదన్న మాట మినిమం కట్టేవాళ్లకు వర్తించదు.

మీ ఆయన లాభం లెక్క చూద్దాం. పది శాతానికి తెచ్చి పన్నెండు శాతానికి పెడితే రెండు శాతం మిగులు అంటున్నారు. వడ్డీ కట్టాల్సింది 2 లక్షల మీద, ఏడాదికి 20,000. ఫండ్‌లో పడేది మాత్రం 34,000. దానికి నిజంగా పన్నెండు శాతం వచ్చినా, వస్తుందని ఎవరూ రాసివ్వరు, చేతికొచ్చేది 4,080. ఏడాది తిరిగేసరికి మీ బాకీ 2,20,000. మీ దగ్గరుండేది ఓ 38,000, ఒక సోఫా, కశ్మీర్ ఫోటోలు. సేల్స్‌లో ఉన్న మనిషి ఈ లెక్క వేశారంటే నాకు కాస్త ఆశ్చర్యంగానే ఉంది. అసలు, వడ్డీ కలిపి చివర్లో ఒకేసారి కట్టే రకం గోల్డ్ లోన్ అయితే ఏడాదిలో తీర్చాలి, లేదంటే వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. నెలకు 150 మిగిలే ఇంట్లో 2,20,000 ఎక్కణ్నుంచి వస్తుంది? కట్టలేకపోతే నోటీసు, తర్వాత వేలం. ఆ నగలు మీ స్త్రీధనం. వాటి మీద సంతకం పెట్టాల్సింది మీరు, ఆలోచించాల్సిందీ మీరే.

"మరి నగలున్నాయి కదా, అవే అత్యవసర నిధి" అంటారేమో. మా పెళ్లయిన రెండో ఏడు నేనూ అలాగే అనుకున్నాను. ఒక శనివారం రాత్రి మా మావయ్యగారికి కడుపునొప్పి వచ్చింది, వెంటనే ఆపరేషన్ అన్నారు. ఆసుపత్రివాళ్లు అడ్వాన్సు కట్టమన్నారు. మా ఆవిడ నగలు బ్యాంకు లాకర్లో ఉన్నాయి, బ్యాంకు మళ్లీ తెరిచేది సోమవారం. రాత్రి పదకొండింటికి పక్కింటాయన తలుపు తట్టి చేయి చాచాను. ఆర్థిక సలహాలు చెప్పి బతికే మనిషిని! ఆ రాత్రి నుంచే నాకు ఈ నిధి పిచ్చి పట్టింది. మా ఇంట్లో ఇప్పటికీ దీని మీద జోకులు వేస్తారు.

మీకైతే ఇది ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు, ఉద్దానం ఆడపిల్ల. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను ఎలా పడగొట్టిందో మీరు కళ్లారా చూసే ఉంటారు. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకు ఐదారేళ్లు పడుతుంది. అన్నాళ్లు ఇల్లు దేని మీద నడిచిందో మీ నాన్నగారిని అడగండి. బరంపురం కూడా తుపాను దారిలోనే ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత మూడో రోజు నేను మీ ఊళ్లో మా బంధువుల ఇంట్లో ఉన్నాను. కరెంటు లేదు, ఏటీఎంలు పని చేయడం లేదు. పాలు, కొవ్వొత్తులు, తాగునీళ్లు చేతిలో నోట్లున్నవాళ్లే కొనుక్కున్నారు. ఆ రోజు లక్షన్నర లిమిట్ ఉన్న కార్డు ఏం కొనిపెట్టేది?

కాబట్టి 2 లక్షల లోన్ వద్దు. అప్పు తీసుకోమని చెప్పడం నాకు ఇష్టం లేని పనే అయినా మీ విషయంలో ఒక చిన్న మినహాయింపు ఇస్తాను. సరిగ్గా 46,000కి గోల్డ్ లోన్ తీసుకోండి. బ్యాంకులోనే, నెల వాయిదాల పద్ధతిలోనే, ఏడాదికి. పది శాతం చొప్పున వాయిదా సుమారు 4,050 పడుతుంది. కార్డు బాకీ మొత్తం అదే రోజు కట్టేసి కార్డును కత్తిరించి చెత్తబుట్టలో వేయండి, ఫోన్‌లోని షాపింగ్ యాప్‌లలో దాచి ఉంచిన కార్డు నంబరు కూడా తీసేయండి. కార్డు ఉంచుకుని గోల్డ్ లోన్ తెస్తే ఆరు నెలల్లో రెండు అప్పులుంటాయి. ఈ షరతు ఒప్పుకోకపోతే లోన్ ఆలోచనే మానేయండి.

ఆ 4,050కి దారి మీ ఉత్తరంలోనే ఉంది. ట్యూషన్. ఎనిమిది మంది పిల్లలు, ఒక్కొక్కరికి 500 అనుకున్నా 4,000. లెక్కల టీచరు ఖాళీగా కూర్చోవడం ఏమిటమ్మా? పార్సిళ్లలో 1,000 తగ్గించండి, మానేయమనడం లేదు. షికార్లు, బట్టలకు కలిపి 1,500, అదీ నగదుగా. ఇలా చేస్తే మొదటి మూడు నెలలు నెలకు 1,900 మిగులుతుంది. ఫోన్ ఈఎంఐ అయిపోగానే 4,050, ఫ్రిజ్‌ది కూడా తీరాక 5,950. ఈఎంఐ తీరిన నెలే ఇంకో వస్తువు తెచ్చుకోవడం అందరూ చేసే తప్పు. ఆ వాయిదా డబ్బు అదే తేదీన నిధి ఖాతాలోకి పోవాలి. ఇప్పుడున్న 11,000తో కలిపి ఏడాదికి 64,550 అవుతుంది. వాయిదాలు, సరదాలు, పార్సిళ్లు తీసేస్తే మీ ఇల్లు నెలకు 23,000తో నడుస్తుంది. అంటే దాదాపు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది, నాలుగైదు వేలు తక్కువ. రెండో ఏడు గోల్డ్ లోన్ వాయిదా కూడా ఉండదు కాబట్టి నెలకు పదివేలు పడుతుంది. ఆరు నెలల ఖర్చు, అంటే 1,38,000 అయ్యేదాకా ఫండ్ మాట ఎత్తకండి.

ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచొద్దు. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి దాన్ని యూపీఐకి కలపకుండా వదిలేయండి. కాస్త పెరిగాక సగం చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి, ఒకటి విరగ్గొట్టినా మిగతావి ఉంటాయి. ఐదు వేలు మాత్రం వంద, రెండొందల నోట్లుగా బీరువాలో పెట్టండి, తుపాను డబ్బు అని పేరు పెట్టి. వీధిలో వేసే చీటీలో ఈ నిధి పెట్టొద్దు, పాట పాడుకునే దాకా అది మీ చేతికి రాదు.

బీమా గురించి మీరు అడగలేదు, ఒక్క మాట. కంపెనీ ఆరోగ్య పాలసీ ఉంటే అందులో మీ పేరు చేర్పించారా? పెళ్లయ్యాక కొద్ది వారాల్లోపే చెప్పాలని చాలా కంపెనీల్లో గడువు ఉంటుంది. అది దాటిపోతే పాలసీ రెన్యువల్ నాడు తప్పకుండా చేర్పించండి. సొంతంగా కొనే పాలసీల్లో కాన్పు ఖర్చుకు రెండు మూడేళ్లు ఆగాల్సినవే ఎక్కువ, కాబట్టి పిల్లల ఆలోచన వచ్చాక కొంటే ఆలస్యమే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. బోనస్ వచ్చిన నెల దీనికి కేటాయించండి. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బు అందే జీవిత బీమా, మీ ఆయన పేరున తీసుకోండి, ఇదే ఏడాది. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిస్తామనే యాప్ ఏదైనా ఉంటే ఇవాళే తీసేయండి. కాంటాక్టుల జాబితా చూడనివ్వమని అడిగేదైతే మరీనూ. అప్పు యాప్‌లు అది చూడకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది.

సరదాలు మానేసి ముసలివాళ్లలా కూర్చోమని చెప్పానని మీ ఆయన అంటారు. మీరున్న ఊరు సంగతి ఆయనకు గుర్తు చేయండి. గోపాల్‌పూర్ బండి మీద అరగంట. పులిహోర, మీ అత్తగారి దగ్గర నేర్చుకున్న దాల్మా డబ్బాల్లో పెట్టుకుని వెళితే పెట్రోలు ఖర్చే. ఒక ఆదివారం రంభలో చిలికా పడవ, ఇంకో ఆదివారం తప్తపాణి వేడినీళ్ల గుండం. పట్టుచీరలకు పేరున్న ఊళ్లో కాపురం పెట్టి కుర్తీల కోసం ఆన్‌లైన్‌లో వెతకడం నాకైతే అర్థం కాలేదు. నాలుగు కుర్తీల డబ్బు దాచుకుంటే గుడి గోపురాల అంచుతో ఒక బరంపురం పట్టు కొనుక్కునే రోజు వస్తుంది. ఇక పెళ్లిరోజుకు కశ్మీరే కావాలంటే, ఒడిశా కశ్మీర్ అని పిలిచే దారింగబాడి మీకు ఒక పూట ప్రయాణం. మాఘంలో అక్కడ స్వెట్టర్ లేకుండా ఉండలేరు. రెండు రోజులు, ఒక రాత్రి. దానికి కావలసిన డబ్బు మీ నెల సరదా 1,500లోంచి ఇప్పటి నుంచే కొంచెం కొంచెం పక్కన పెట్టండి, తక్కువ పడితే ఒక నెల బీచ్ మానేయండి. సోఫా ఇప్పట్లో వద్దు. వచ్చే చుట్టాలకు చాప పరవండి, కూర్చుంటారు.