వాలు నేల మీద సాధన చేస్తే గోల్ఫ్‌లో స్లైస్ తగ్గుతుందా?

ప్రశ్న: నాది కుడిచేతి వాటం. డ్రైవర్‌తో (బంతిని ఎక్కువ దూరం కొట్టే పొడవాటి గోల్ఫ్ కర్ర, అంటే క్లబ్) కొట్టిన బంతి ప్రతిసారీ కుడివైపుకు వంగిపోతోంది, అంటే స్లైస్ అవుతోంది. వాలు నేల మీద సాధన చేస్తే ఫలితం ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది, అయితే బంతి మీ పాదాల కన్నా ఎత్తులో ఉండేలా వాలుకు ఎదురుగా నిలబడాలి. క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తున్నట్టు దిగడం, దాని ముఖం ఆ దారికి కుడిగా తెరుచుకుని ఉండడం స్లైస్‌కు మూలం. ఎత్తులోని బంతిని అలా పైనుంచి నరికితే క్లబ్ ముందుగా నేలకే తగులుతుంది కనుక, చేతులు ఒంటి చుట్టూ చదునుగా తిరగడానికి అలవాటుపడతాయి. 7 ఐరన్ (మధ్యస్థ దూరానికి వాడే క్లబ్) పిడిని కాస్త కిందికి పట్టుకుని, సగం స్వింగ్‌తో మొదలుపెట్టండి. బంతి ఎడమకు వంగితే సంతోషమే గాని, వాలు కూడా దాన్ని అటే పంపుతుంది. అందుకే మధ్యమధ్య సమతల నేల మీద అదే కదలికను సరిచూసుకోవాలి. బంతి పాదాల కన్నా కిందుగా ఉండే వాలును మాత్రం ఇప్పుడే ఎంచుకోవద్దు.