గెట్ చేతిలో పడేదాకా

ప్రశ్న: ఇజ్రాయెల్‌లో, బ్నేయ్ బ్రాక్‌లో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను. వాళ్ళమ్మాయి ఇద్దరు పిల్లలతో ఆరేళ్ళుగా మొగుడికి దూరంగా ఉంటోంది, అతను విడాకులివ్వడు. చదువుంది, ఉద్యోగముంది, అయినా రబ్బీల (యూదు మతగురువుల) మాట కోసం ఎదురుచూస్తోంది. "వాళ్ళను వదిలేసి నీ బతుకు నువ్వు చూసుకో" అని చెప్పనా?

జవాబు: వద్దమ్మా, ఆ మాట అనకండి. ఆవిడ పిరికితనంతో కూర్చోలేదు. అక్కడ యూదుల పెళ్ళి, విడాకులు 1953 చట్టం ప్రకారం రబ్బీల కోర్టు చేతిలోనే ఉన్నాయి, మనలా రిజిస్ట్రార్ ఆఫీసుకో, ఫ్యామిలీ కోర్టుకో పోయే దారి లేదు. పైగా 'గెట్' అనే విడాకుల పత్రం రబ్బీ ఇచ్చేది కాదు, మొగుడు తన ఇష్టంతో ఇవ్వాలి. అది రాకముందే ఆవిడ ఇంకో యూదుడితో బిడ్డను కంటే ఆ బిడ్డకు 'మమ్జెర్' అన్న ముద్ర పడుతుంది, రేపు మామూలు యూదు కుటుంబంలో పెళ్ళి కాదు. అదే మొగుడు పెళ్ళికాని అమ్మాయితో బిడ్డను కంటే ఏ ముద్రా లేదు. రాస్తుంటేనే నాకు కడుపు మండుతోంది.

కానీ రబ్బీలందరినీ ఒకే గాటన కట్టకండి. వంటింటి నియమాలో, శనివారం పని మానే నియమాలో అడగడానికి ఆవిడ తనే ఎంచుకున్న రబ్బీ ఒకరుంటారు. ఆయన్ని కదపమనండి. పన్నెండో శతాబ్దపు మతపండితుడు రబ్బేను తామ్ పేరుతో వాళ్ళకొక పాత పద్ధతుంది: గెట్ ఇవ్వనివాడితో వ్యాపారం చెయ్యరు, ఇంటికి పిలవరు, ప్రార్థనామందిరంలో గౌరవం ఇవ్వరు. ఇరుగుపొరుగు మొహం తిప్పుకుంటే ఎంతటి మొండివాడికైనా టెన్షన్ పుడుతుంది. కోర్టు రబ్బీల దగ్గర ఇంకా గట్టి ఆయుధాలున్నాయి. 1995 చట్టంతో అలాంటివాడి డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా ఆపొచ్చు, దేశం దాటకుండా చెయ్యొచ్చు, జైల్లోనూ పెట్టొచ్చు. అయితే కోర్టు "ఇస్తే మంచిది" అందా, "ఇచ్చి తీరాలి" అందా అన్నది చాలా ముఖ్యం, ఆ తీర్పు కాగితం తీసి చూసుకోమనండి. ఆ కోర్టుల్లో వాదించే ఆడవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళలో ఒకరిని పట్టుకోవాలి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి, గెట్ కోసం ఇల్లో, పిల్లల ఖర్చులో వదులుకుంటానని లాయరు చూడకుండా సంతకం పెట్టొద్దని.

ఆ రోజంటూ వస్తే, లేఖకుడు చేత్తో రాసిన పన్నెండు వరుసల కాగితాన్ని మొగుడు ఆవిడ దోసిట్లో వేస్తాడు, ఆవిడ దాన్ని చంకలో పెట్టుకుని నాలుగడుగులు నడవాలి. తోడు రమ్మంటే వెళ్ళండి. ఆ పూట పెద్దావిడకు మందులు ఎవరు వేస్తారో ముందే చూసిపెట్టుకోండి.