గ్రీన్ కార్డా, సిటిజన్‌షిప్పా? మరి తెనాలి పొలం?

డాలస్ నుంచి ఒకాయన అడిగారు: గ్రీన్ కార్డు వచ్చి ఆరేళ్లయింది, సిటిజన్‌షిప్‌కి అప్లై చేద్దామంటే తెనాలి దగ్గర నాన్నగారి నాలుగెకరాలు చేజారిపోతాయేమోనని భయం, పైగా రిటైరయ్యాక ఇండియా వచ్చేయాలని ఉంది, ఏం చేయమంటారు అని.

ముందు పొలం సంగతి. మీ భయంలో సగం పుకారేనండీ. ఇండియా పాస్‌పోర్టు ఉన్నా సరే ఎన్నారైగా మీరు ఇప్పుడు కూడా పొలం కొనలేరు, రేపు సిటిజన్ అయి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకున్నా కొనలేరు, అక్కడ మారేదేమీ లేదు. వారసత్వంగా మాత్రం ఎలాగైనా వస్తుంది. కాకపోతే మన పెద్దవాళ్లు బతికుండగానే పిల్లల పేరున గిఫ్ట్ డీడ్ రాసేస్తుంటారు చూడండి, పొలం విషయంలో దానికి ఫెమా (ఇండియా విదేశీ మారకపు చట్టం) ఒప్పుకోదు. నాన్నగారితో వీలునామా రాయించి రిజిస్టర్ చేయించండి.

ఇక టాక్స్. గ్రీన్ కార్డయితే తక్కువ పడుతుందనుకుంటారు చాలామంది, ఎవరు చెప్పారో గానీ. ఇక్కడి ఎఫ్‌డీ వడ్డీతో సహా రెండింటికీ ఒకటే లెక్క, అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికిచ్చే ఫారం) వేయాల్సిందే.

అసలు చిక్కు మీ రిటైర్‌మెంట్ ప్లాన్‌లో ఉంది. గ్రీన్ కార్డు అమెరికాలో ఉండేవాళ్లకిచ్చేది. రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా ఏడాది దాటి ఇండియాలో ఉంటే కార్డు మీద ఆశ వదులుకోవాలి, ఆ పర్మిటైనా రెండేళ్లకి మించి ఇవ్వరు. పోనీ అప్పుడు కార్డు తిరిగిచ్చేస్తానంటారా? పదిహేనేళ్లలో ఎనిమిదేళ్లు కార్డు ఉండి, ఇళ్లూ 401కే (అమెరికా ఉద్యోగంలో కూడబెట్టే రిటైర్‌మెంట్ ఖాతా) అన్నీ కలిపి నికర ఆస్తి 20 లక్షల డాలర్లకి చేరితే ఎగ్జిట్ టాక్స్ (వదిలేసి వెళ్లేటప్పుడు ఆస్తులన్నీ అమ్మేసినట్టు లెక్కేసి అమెరికా వేసే పన్ను) లెక్కలోకి వస్తారు. ఏడాదిలో ఒక్కరోజు కార్డున్నా ఆ ఏడాది లెక్కే, అంటే మీకు గడువు ఎంతో లేదు.

నా మాట వింటే అప్లై చేసేయండి. సిటిజన్ అయ్యాక ఇండియాలో ఎన్నేళ్లున్నా పాస్‌పోర్టు పోదు, పిల్లల దగ్గరికి వెళ్లాలంటే టెన్షన్ ఉండదు, అమెరికా రిటర్న్ వేయడం మాత్రం తప్పదు. ప్రమాణం చేశాక ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, ఓసీఐ చేతికొచ్చేదాకా ఊరికి టికెట్లు బుక్ చేయకండి.

ఇంకోటి, తెనాలిలో మీ పాత సేవింగ్స్ ఖాతా ఇంకా మామూలుగానే నడుస్తుంటే ఎన్‌ఆర్‌ఓ (ఇండియాలో వచ్చే ఆదాయానికి ఎన్నారైలు వాడే ఖాతా) చేయించండి. అది ఎప్పుడో చేయాల్సిన పని.